బ్రేకాయిలు మార్చిన ఆదివారం

అతనికొక పేరుందన్న సంగతి ఆ వీధిలో భార్యకీ పోస్ట్‌మాన్‌కీ తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ అతను అల్లుడే. పాలు పోసే మనిషి, ఎదురుగా బస్టాండులో టిక్కెట్లు కొట్టే కండక్టర్లు, ఫ్రేము వదులైందని వచ్చే ముసలమ్మలు, ఆఖరికి అతనికంటే పదేళ్లు పెద్దవాడైన మందుల షాపు యజమాని కూడా "ఏం అల్లుడుగారూ, బావున్నారా?" అనే పలకరించేవాళ్లు. పదిహేడేళ్ల కిందట ఆ పిలుపులో కాస్త ముద్దుండేది. చెవుల దగ్గర జుట్టు నెరిసి, మెట్లు దిగుతుంటే మోకాలు కలుక్కుమనే నలభై మూడో ఏట ఇంకా అల్లుడేమిటని అతనికే నవ్వొచ్చేది. ఒక్కోరోజు నవ్వు వచ్చేది కాదు.

కింద కళ్లద్దాల షాపు, పైన ఇల్లు. ఇంట్లోంచి దిగే మెట్లు తిన్నగా షాపులోకే వస్తాయి. వీధిలోకి పోవాలంటే షాపులోంచే పోవాలి. షాపులోంచి పోవాలంటే మామగారి కుర్చీ ముందు నుంచే పోవాలి. ఇల్లు కట్టేటప్పుడు బయట మెట్లు పెడితే స్థలం దండగని అలా కట్టించారు. కట్టించిన మనిషికి అందులో ఏ ఇబ్బందీ కనిపించలేదు, ఆ కుర్చీలో కూర్చునేది ఆయనే కాబట్టి.

మామగారిని అంతా పెద్దాయన అంటారు. పొడుగు మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. నలభయ్యేళ్లుగా ఆ కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ల కళ్లు పరీక్షించి, చీటీ రాసి, అద్దాలమర్చి ఇస్తున్నాడు, ఈ మధ్య పరీక్షలు మాత్రం అల్లుడి చేత చేయిస్తున్నాడు. ఒక్కటే విడ్డూరం. ఎవరితో మాట్లాడినా సూటిగా మొహంలోకి చూడడు. చెవి పక్కగా, భుజం మీదుగా చూస్తూ మాట్లాడతాడు. ముందునుంచీ కాదు, ఈ మధ్యనే అలవాటైంది. వయసుతోపాటు కాస్త పొగరు కూడా పెరిగిందని అల్లుడు అనుకునేవాడు.

అతను ఆ షాపులో మొదట పనివాడిగా చేరాడు. ఫ్రేముకు సరిపోయేలా అద్దం అంచులు అరగదీసే మిషను దగ్గర పని. చేతిలో పనితనముంది, నోట్లో నాలుక లేదు. రెండూ పెద్దాయనకు నచ్చాయి. పెద్దాయన కూతురికి అతను నచ్చాడు. పెళ్లయ్యాక వేరే ఇల్లు దొరికేదాకా మూడు నెలలు పైనే ఉందామనుకున్నారు. ఆ మూడు నెలలే ఇంకా నడుస్తున్నాయి. మధ్యలో అత్తగారు పోయింది. కూతురు పుట్టి, పెరిగి, హాస్టల్లో చదువుకోవడానికి వెళ్లింది. భార్య హైస్కూల్లో లెక్కల టీచరైంది. అతను మాత్రం పొద్దున తొమ్మిదిన్నరకు పద్దెనిమిది మెట్లు దిగడం, రాత్రి ఎనిమిదిన్నరకు అవే పద్దెనిమిది మెట్లెక్కడం. షాపుకు సెలవనేదే లేదు, ఆదివారమైతే పదింటికి తీస్తారంతే.

ఎనిమిది నెలల కిందట అతనొక పాత మోటారుసైకిలు కొన్నాడు. దగ్గరచూపు అద్దాల కోసం వచ్చిన బ్యాంకు ఆఫీసరు, మాటల్లో, నడుంనొప్పి వల్ల బండి అమ్మేస్తున్నానన్నాడు. "ఏడేళ్లలో ఆరువేల కిలోమీటర్లు తిరగలేదు. కవరు కప్పి దాచాను, కొత్త పెళ్లికూతుర్ని దాచినట్టు," అన్నాడు. ఆ సాయంత్రమే అల్లుడు వెళ్లి చూశాడు. నీలం రంగు టాంకు మీద ఒక్క గీత లేదు. అంతవరకూ ఏదీ తనంతట తాను కొనుక్కోని మనిషి, దాన్ని మాత్రం ఎవర్నీ అడక్కుండా కొనేశాడు.

"ఎక్కడికెళ్దామని?" అన్నాడు పెద్దాయన, అతని భుజం మీదుగా గోడ గడియారాన్ని చూస్తూ.

బండి ఇంటి వెనక పెరట్లో రేకుల కింద చేరింది. పెరటి గేటు తాళం పెద్దాయన సొరుగులో ఉంటుంది. ఎప్పుడు హెల్మెట్ తీసినా, "కాస్త ఆగయ్యా, ఈ డాక్టరు చీటీ చూసి వెళ్లు," అనో, "పదకొండింటికొకావిడ వస్తానంది, నువ్వుంటే మంచిది," అనో ఆపేవాడు. ఆ చీటీ చూసేసరికి ఇంకొకరొచ్చేవాళ్లు. ఎనిమిది నెలల్లో అతను బండెక్కింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో సగం, గాలి కొట్టించుకుని రావడం.

అలాంటి రోజుల్లో, చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న స్నేహితుడు ఫోను చేశాడు. రెండొందల కిలోమీటర్ల అవతల ఇంకో ఊళ్లో అద్దాలు తయారుచేసే యూనిట్ పెట్టాడట.

"చేతిపని తెలిసినవాడు కావాల్రా. ఏడుగురు నీ కింద పనిచేస్తారు. ఎనిమిది గంటల డ్యూటీ, ఆదివారం సెలవు. ఈ ఆదివారం కాక పై ఆదివారం వచ్చి చూసిపో. నచ్చితే ఒకటో తారీకున చేరిపో. తలుపు మీద నీ పేరు రాయిస్తా."

మిగతావన్నీ ఒకెత్తు, తలుపు మీద పేరు ఒకెత్తు. ఆ మాట అతని చెవిలో ఇల్లు కట్టుకుని కూర్చుంది. మిషను ముందు అద్దం అరగదీస్తూ, ఆ తలుపు ఏ రంగుదో, అక్షరాలు ఎంత లావున ఉంటాయో ఊహించుకునేవాడు. ముందు తను వెళ్లి కుదురుకోవాలి, ఆ తర్వాత భార్య సంగతి, పిల్ల సంగతి చూడాలి అనుకున్నాడు. చూడటమంటే ఏమిటి? ఆలోచన అక్కడికొచ్చేసరికి ఇంకో అద్దం తీసుకుని మిషను ఆన్ చేసేవాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

బస్సులో వెళ్లే ఆశ లేదు. బస్టాండు షాపుకెదురుగానే. ఎక్కకముందే పదిమంది "ఎక్కడికి అల్లుడుగారూ?" అంటారు. బండి మీదే వెళ్లాలి. ఒక్క బండి విడిభాగాల షాపులో మాత్రం, దూరప్రయాణం అని చెప్పాల్సి వచ్చింది.

"ఏడేళ్లుగా ఏ ఆయిలూ మార్చలేదా?" అన్నాడు కౌంటర్లో మనిషి నోరు తెరిచి. "బండి తిరగలేదు కదా, ఆయిలు బాగానే ఉంటుందనుకుంటారు సార్ అంతా. తిరిగే బండిలో కంటే నిలబెట్టిన బండిలోనే పాడవుతుంది. బ్రేకాయిలైతే మరీను. గాల్లో తేమ పీల్చుకుంటుంది. దిగుడు రోడ్డు మీద పదిసార్లు నొక్కారనుకోండి, లోపల మరిగిపోయి లివరు గుప్పిట్లోకొచ్చేస్తుంది. బండి మాత్రం ఆగదు. అన్నీ మార్చి కదలండి."

ప్రయాణానికి వారం ముందు ఆదివారం పొద్దున్నే పని పెట్టుకున్నాడు. భార్యకు ఏదో పోటీ పరీక్షలో డ్యూటీ పడింది, ఆరున్నరకే వెళ్లిపోయింది. పెరట్లో పాత పేపర్లు పరిచి, ఇంజను చల్లగా ఉండగానే ముందు దాన్ని చల్లబరిచే కూలెంట్ వదిలాడు. ఆకుపచ్చగా ఉండాల్సింది తుప్పు నీళ్లలా వచ్చింది. కొత్తది పోసి, ఇంజను మూడు నిమిషాలు నడిపి, ఆపి, అడుగున బోల్టు విప్పాడు. ఇంజనాయిలు నల్లగా, నెమ్మదిగా, దిగడం ఇష్టంలేని దానిలా దిగింది. ఫిల్టరు మార్చాడు. బోల్టుకు కొత్త వాషరు వేసి బిగించి, లెక్క ప్రకారం కొత్త ఆయిలు పోశాడు. టాంకులో పాత పెట్రోలు వార్నిష్ వాసన కొడుతుంటే అదీ డబ్బాలోకి దించాడు. ఒక్కొక్కటీ దిగుతుంటే అతనికి హాయిగా ఉంది. చాలా ఏళ్ల తర్వాత, ఎవరూ చెప్పని పని చేస్తున్నాడు.

ఇంకా ఎనిమిదిన్నరైనా కాలేదు, పెద్దాయన పెరట్లోకొచ్చాడు.

"ఏం చేస్తున్నావయ్యా పొద్దున్నే?"

"పాత ఆయిళ్లు మారుస్తున్నానండీ."

"దూరం వెళ్తున్నావా ఎక్కడికన్నా?"

"లేదండీ. ఊరికే. ఇంజను పాడవుతుందని."

పెద్దాయన చేత్తో తడుముకుని బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. వెళ్లే సూచనలేమీ లేవు. ఇక్కడ కూడా కుర్చీ వేసుకున్నాడు మహానుభావుడు అనుకున్నాడు అల్లుడు.

వెనక బ్రేకుకు ఇంకొకరితో పనిలేదు, ఒక చేత్తో పెడలు నొక్కుతూ రెండో చేత్తో స్పానరు తిప్పొచ్చు. అయిపోయింది. ముందు బ్రేకు అలా కాదు. లివరు పైన హ్యాండిలుకుంటుంది. ఆయిలు వదిలే నిపులు కింద చక్రం దగ్గరుంటుంది. లివరు నొక్కిపట్టి ఉండగా నిపులు కాస్త వదులు చేయాలి, పాత ఆయిలు గొట్టంలోంచి సీసాలోకి దూకుతుంది. నిపులు బిగించాకే లివరు వదలాలి. ముందే వదిలితే గాలి లోపలికి పోతుంది. రెండుసార్లు ఒంటరిగా ప్రయత్నించాడు. మెడ ఒకవైపు, చెయ్యి ఒకవైపు సాగదీసినా అందలేదు.

పదిహేడేళ్లలో అతను మామగారిని సాయమడిగింది లేదు. అడగాల్సి వచ్చింది.

"మామయ్యగారూ, ఒక్క పది నిమిషాలు... ఈ లివరు పట్టుకుంటారా?"

పెద్దాయన మొహం వెలిగింది. చొక్కా చేతులు పైకి మడిచి లేచాడు. అల్లుడు హ్యాండిలు మీది చిన్న బ్రేకాయిలు డబ్బా మూత తీసి, లోపల పాత ఆయిలు తోడేసి కొత్తది పోశాడు. టాంకు మీద ఒక్క చుక్క పడినా రంగు లేస్తుందని పాత దుప్పటి కప్పాడు. "ఈ గీత కనబడుతోంది కదండీ. ఆయిలు దీని దాకా దిగితే చెప్పండి. మళ్లీ పోస్తాను. డబ్బా ఖాళీ అయితే మాత్రం మొత్తం చెడుతుంది," అన్నాడు.

"సరే సరే. గీతేగా." పెద్దాయన డబ్బాకేసి కాక, పక్కనున్న బండి అద్దం కేసి చూస్తూ తలాడించాడు.

అల్లుడు కింద కూలబడి స్పానరు పెట్టాడు.

"నొక్కండి."

"నొక్కాను."

"అలాగే పట్టుకోండి. వదలొద్దు."

"పట్టుకున్నా."

పావు తిప్పు తిప్పితే టీ డికాషన్ రంగు ఆయిలు సీసాలో పడింది. బిగించాడు.

"వదలండి."

"వదిలా."

ఇద్దరికీ లయ కుదిరింది. నొక్కండి, పట్టుకోండి, వదలండి. ఆ ఇంట్లో మామ చెబితే అల్లుడు చేయడమే గాని, అల్లుడు చెబితే మామ చేయడం అదే మొదలు. పెద్దాయన చిన్నపిల్లాడిలా ప్రతి మాటకూ ఠక్కున బదులిస్తున్నాడు. పదిసార్లయ్యేసరికి సీసాలోకొచ్చే రంగు తేలికపడింది.

"ఎంతుందండీ డబ్బాలో?"

"ఉంది ఉంది. నిండుగా ఉంది."

ఇంకో ఆరుసార్లు. "గీత దాకా వచ్చిందా?"

"లేదయ్యా, చూస్తున్నాగా. నువ్వు కానీయ్."

ఇంకో నాలుగుసార్లకు గొట్టంలో బుడగలు మొదలయ్యాయి. ముందు ఒకటి, తర్వాత వరసగా. అల్లుడు గబుక్కున నిపులు బిగించి లేచి చూశాడు. డబ్బా అడుగు కనిపిస్తోంది. పొడిగా, తుడిచిపెట్టినట్టు. గొట్టం నిండా గాలి పోయింది. చేసిన పనంతా బూడిదలో పోసినట్టైంది.

అతనిలో పదిహేడేళ్లుగా అణిగిమణిగి ఉన్నదేదో ఒక్కసారిగా నోటికొచ్చింది.

"చూడమన్నది ఒక్క గీతేగా! ఎన్నిసార్లడిగాను? ఎదురుగా పెట్టుకుని నిండుగా ఉందంటారేమిటి? కళ్లు కనబడట్లేదా మీకు?"

ఆయనతో అంత గట్టిగా ఎవరూ మాట్లాడి ఎరగరు. ఇప్పుడు ఆకాశం విరిగి మీద పడుతుందని నిలబడ్డాడు.

"కనబడట్లేదు," అన్నాడు పెద్దాయన.

మామూలుగానే అన్నాడు. టైమెంతైందంటే చెప్పినట్టు. లివరు ఇంకా నొక్కిపట్టే ఉన్నాడు. వదలమని ఎవరూ చెప్పలేదు మరి.

"వదలండి," అన్నాడు అల్లుడు మెల్లగా.

షాపు ఇంకా తియ్యలేదు. అతను మామగారిని లోపలికి తీసుకెళ్లి, నలభయ్యేళ్లుగా వచ్చినవాళ్లను ఆయన కూర్చోబెట్టే కుర్చీలో కూర్చోబెట్టాడు. లైటు పెట్టె వెలిగించి అక్షరాలు చదవమన్నాడు. పెద్దాయన మొదటి వరస నుంచి కింది వరస దాకా తడుముకోకుండా చదివేశాడు. ఆ పెట్టెలో మార్చి మార్చి పెట్టే అట్టలు రెండుంటాయి. ఆయన చదివింది మొదటి అట్ట. ఆ రోజు పెట్టెలో ఉన్నది రెండోది.

అల్లుడు లైటు ఆర్పేశాడు.

"ఎన్నాళ్లైందండీ?"

"రెండేళ్లు దాటింది. కంటి వెనక పొరలో, సరిగ్గా నడిమధ్యన పోయిందయ్యా. పక్కలన్నీ ఉన్నాయి. నడవగలను, మెట్లు దిగగలను, రోడ్డు దాటగలను. దేన్ని చూడాలనుకుంటానో అదే ఉండదు. నువ్వెదురుగా నిలబడితే నీ చెవులు కనిపిస్తాయి. మొహముండేచోట బూడిద."

"డాక్టరుకు చూపించారా?"

"చూపించా. రమ్మన్నాడు, ఇంజెక్షన్లన్నాడు. వెళ్తే ఒక పూట షాపు మూసి వెళ్లాలి, ఎందుకని నువ్వడుగుతావు, అమ్మాయి అడుగుతుంది. కళ్లద్దాల వాడికే కళ్లు లేవని తెలిస్తే ఈ గుమ్మం ఎవడు తొక్కుతాడు?"

ఒక్కొక్కటే అల్లుడి బుర్రలో సర్దుకున్నాయి. రెండేళ్లుగా కంటి పరీక్షలన్నీ తన మీదికి తోసేయడం, "కొత్తతరం నేర్చుకోవాలయ్యా" అని. చీటీలు చూసి వెళ్లమనడం. ఒక్క గంట బయటికెళ్తానంటే వంద పనులు చెప్పడం. అతను తన ముక్కుకు తాడనుకున్నది, ఆయనకు చేతికర్ర. ఈ సంగతి తెలియగానే మనసు కరగాలి. కరిగింది కూడా. కాని దానికింద ఇంకొకటి మిగిలిపోయింది. ఇన్నాళ్లూ లోపల్లోపలైనా కోపం తెచ్చుకోవడానికి ఒక మనిషుండేవాడు. ఆ మనిషిని కూడా లాగేసుకున్నారు. ఇక ఎవరి మీద తెచ్చుకోవాలి?

"అమ్మాయికి చెప్పకయ్యా," అన్నాడు పెద్దాయన. "షాపు మూసేయమంటుంది. మూసేసి పైన కూర్చుని నేనేం చెయ్యను? గోడలైనా సరిగ్గా కనబడవు."

"చెప్పనండీ."

"నువ్వెక్కడికో వెళ్తున్నావు కదూ? నాలుగు రోజులుగా నువ్వు మెట్లు దిగే చప్పుడే వేరుగా ఉంది."

అల్లుడు ఆయన మొహంలోకి చూశాడు. ఆయన అతని చెవి వైపు చూస్తున్నాడు.

"ఎక్కడికీ లేదండీ," అన్నాడు. పొద్దున్న ఇదే మాట అబద్ధంగా చెప్పాడు. ఇప్పుడది నిజమైపోయింది.

పని సగంలో వదిలేస్తే బ్రేకు లేని బండి పెరట్లో ఉంటుంది. ఇద్దరూ మళ్లీ వెళ్లారు. ఈసారి ప్రతి నాలుగుసార్లకూ అల్లుడే లేచి చూసి, పోసి, మళ్లీ కూర్చున్నాడు. గాలంతా పోవడానికి ముప్పై నలభైసార్లు నొక్కించాల్సి వచ్చింది. నొక్కండి, పట్టుకోండి, వదలండి. మొదటి విడతలో ఉన్న హుషారు ఇద్దరిలోనూ లేదు. చివరికి లివరు గట్టిపడింది. "రాయిలా ఉందయ్యా," అన్నాడు పెద్దాయన సంతోషంగా. చేతితో తెలిసే పని కదా. అల్లుడు హ్యాండిలంతా నీళ్లతో కడిగి తుడిచాడు, సీసాలకు మూతలు బిగించాడు. పదింటికి షాపు తీశారు.

సోమవారం మధ్యాహ్నం స్నేహితుడికి ఫోను చేసి రాలేనన్నాడు. ఎందుకంటే చెప్పలేకపోయాడు. "నీ ఖర్మ. వారం చూస్తాను, మనసు మారితే చెప్పు," అన్నాడు స్నేహితుడు. ఆదివారం వచ్చింది, పోయింది. బండి రేకుల కిందే ఉంది, లోపలన్నీ కొత్త ఆయిళ్లతో. షాపులో అతని పని పెరిగింది. చీటీలు తనే చదివి పెద్దాయన చెవిలో వేసేవాడు, ఆయన దాన్ని గంభీరంగా బయటికి చెప్పేవాడు. ఎవరన్నా గుమ్మంలోకి రాగానే "ఓహో, మందుల షాపాయనా, రండి రండి," అని అల్లుడే ముందుగా అనేవాడు, మామగారికి ఎవరొచ్చారో తెలియాలని. వచ్చినవాళ్లు, అల్లుడికి ఈ మధ్య చలాకీతనం వచ్చిందనుకున్నారు.

పదిహేను రోజుల తర్వాత ఒక సాయంత్రం అతను నీళ్లు తాగడానికి పైకొచ్చేసరికి భార్య భోజనాల బల్ల మీద జవాబు పత్రాలు దిద్దుతోంది. తలెత్తకుండానే అంది:

"మీ బెంచీ స్నేహితుడు ఇంటి ఫోనుకు చేశాడు. ఆ ఉద్యోగం వేరేవాళ్లకిచ్చేశాడట. ఏమీ అనుకోవద్దని చెప్పమన్నాడు."

అతను గ్లాసులో నీళ్లు పోసుకున్నాడు.

"ఏ ఉద్యోగమని అడిగాను. చెప్పాడు," అంది. ఎర్ర పెన్ను మూత పెట్టింది. "ఎందుకు వద్దన్నారు?"

"ఏదో... షాపు..."

"నాన్న కళ్ల గురించా?"

"నీకు తెలుసా?"

"ఏడాదిగా తెలుసు. నా వంక చూడకుండా నాతో మాట్లాడుతుంటే తెలియదా? పల్లెంలో పచ్చడి ఎక్కడుందో వేలితో వెతుక్కుంటుంటే తెలియదా?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరిక కదలరని." ఆమె కిటికీలోంచి బస్టాండు వైపు చూసింది. "మీరు బండి కొన్న రోజున నేనేమనుకున్నానో తెలుసా? ఈయన ఎప్పటికన్నా వెళ్దామంటాడు అనుకున్నా. వెళ్దామని. ఎదురుచూశా. మీరు గాలి కొట్టించుకుని వచ్చేవాళ్లు."

"నువ్వు... ఇక్కడ బాగానే ఉన్నావనుకున్నాను. నీ ఇల్లు కదా."

"నేను పుట్టి నలభయ్యేళ్లండీ. ఆ మెట్లు నేను మీకంటే ఇరవై మూడేళ్లు ఎక్కువ దిగాను. చెప్పకుండా ఒక్కరే వెళ్దామనుకున్నారు కదూ? నన్నడిగితే వచ్చేదాన్ని."

అతనికి కూర్చోవాలనిపించి కూర్చున్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరు మనుషులు పదిహేడేళ్లుగా ఒకే కిటికీలోంచి ఒకే బస్టాండు చూస్తున్నారన్నమాట.

"ఇప్పుడు అడిగితే?"

"ఇప్పుడు నాన్నున్నారుగా," అంది ఆమె, పెన్ను మూత మళ్లీ తీసి. కాసేపటికి, "ఆ ఇంజెక్షన్ల సంగతి రేపు నేనే కదిలిస్తాను. మీరు చెప్పారనను, భయపడకండి," అంది.

కింద నుంచి పెద్దాయన పిలిచాడు. "ఏమయ్యా, అద్దాల కోసం ఎవరో వచ్చారు!" అతను గ్లాసు బల్ల మీద పెట్టి దిగాడు.

కూతురు ఎంత మెత్తగా మొదలుపెట్టినా పెద్దాయన మూడు రోజులు అలిగాడు, నాలుగో రోజు ఆసుపత్రికి బయల్దేరాడు. పోయిన చూపు రాదన్నారు, ఉన్నది నిలబడొచ్చన్నారు. నెలకొకసారి తీసుకెళ్లాలి. తీసుకెళ్లేది అల్లుడే, ఆ పూట షాపుకు సెలవు. అదిగాక ఆదివారం మధ్యాహ్నం షాపు మూసేయాలని ఆమె పట్టుబట్టి సాధించింది. మందుల షాపాయన చదరంగమాడటానికి వస్తాడు. ఆయన గడులు చెబుతుంటే పెద్దాయన చేత్తో పావులు తడిమి కదుపుతాడు. మందుల షాపాయనకు నిజం తెలుసో లేదో ఎవరూ అడగలేదు. ఆయన ఉండేది రెండు గంటలు.

ఆ రెండు గంటలు భార్యాభర్తలు బండి మీద బయటికి పోతారు. ఇళ్లు దాటాక, గోడౌన్లు దాటాక, పెద్దరోడ్డు. బ్రేకు బాగా పడుతోంది. మొదటి ఆదివారం, దిగుడు రోడ్డు మీద ఆమె అతని భుజం గట్టిగా పట్టుకుంది. రెండో ఆదివారం పట్టుకోలేదు. మూడో ఆదివారం, వెనక్కి తిరిగే చోటికి రాగానే అతను వేగం తగ్గించి వాచీ చూసుకున్నాడు.

"ఇంకొంచెం వెళ్దామండీ," అంది వెనక నుంచి.

"యాభై నిమిషాలైంది. మళ్లీ అంతే పడుతుంది."

"ఐదు నిమిషాలు."

అతను గేరు మార్చాడు. ఐదు నిమిషాలు వెళ్లారు. అక్కడ ఏమీ లేదు, ఒక కాలవ, మీద చిన్న వంతెన, అవతల రోడ్డు అలాగే పోతోంది. బండి ఆపి ఇద్దరూ దిగకుండానే కాసేపు దానికేసి చూశారు. తర్వాత అతను హ్యాండిలు ఇంటివైపు తిప్పాడు.